రీజెనరేషన్ (1915): తొలినాటి నేరకథా మూకీ చిత్రము

రీజెనరేషన్ అమెరికా సంయుక్త రాష్ట్రములందు 1915 సెప్టెంబరు నెలలో విడుదలైన నేరకథా మూకీ చిత్రము. దీనిని నిర్మించినది ఫాక్స్ ఫిలిం కార్పొరేషన్. దర్శకుడు రావుల్ వాల్ష్. నిడివి అయిదు రీళ్లు. న్యూయార్కు నగరపు పేదవాడలో అనాథయై పెరిగి ముఠానాయకుడైన యువకుడొకడు ఒక విద్యావతి సాంగత్యమున మనసు మార్చుకొనుట దీని ఇతివృత్తము. పూర్తి నిడివి గల ముఠాకథా చిత్రములలో దీనిని మొదటిదానిగా చరిత్రకారులు పలువురు పేర్కొనుచున్నారు. చిరకాలము నశించినదని తలంపబడి, 1976లో ఒక ప్రతి బయల్పడుటచే మరల లోకమునకు దక్కిన అరుదైన కృతి యిది. అయినను దీని విలువ అరుదుతనమునందు లేదు. నేరము పుట్టుకతో వచ్చు గుణము కాదనియు, దారిద్ర్యము, అనాదరము, నిరక్షరత అను మూడును కలసి పెంచిన ఫలమనియు ఈ చిత్రము చెప్పుచున్నది. ఆ మాటను ఉపన్యాసముగా గాక, వీధిని, వీధిలోని ముఖములను ఎదుట నిలిపి చూపుచున్నది. దాని ప్రాణము అందున్నది.

నేపథ్యము

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఐరోపాలోని నానాదేశములనుండి ఓడలెక్కి వచ్చి న్యూయార్కు రేవున దిగిన వలసజనులలో అనేకులు మన్‌హటన్ ద్వీపమునందలి లోయర్ ఈస్ట్ సైడ్ అను వాడలో తలదాచుకొనిరి. గాలియు వెలుతురును సరిగా చొరని ఇరుకుగదులతో నిండిన అయిదారంతస్తుల ఇటుక కట్టడములు వారికి నివాసములు. మెట్లును, వాకిళ్లును, వీధియు వారి బిడ్డలకు ఆటస్థలములు. ఆ వాడకు అంచుననున్న బోవరీ వీధి మద్యశాలలకును, చవుక బసలకును, నాట్యశాలలకును పేరుపడినది. ఈ బ్రతుకులను జేకబ్ రీస్ అను పత్రికారచయిత 1890లో ప్రకటించిన ‘హౌ ది అదర్ హాఫ్ లివ్స్’ అను గ్రంథమున ఛాయాచిత్రములతో సహా వర్ణించి, సుఖజీవులైన నగరవాసుల మనస్సులను కలచివైచెను. అదే కాలమున విద్యావంతులైన యువతీయువకులు పేదల నడుమనే కాపురముండి, వారికి చదువు, వైద్యము, వినోదము సమకూర్చు ‘సెటిల్‌మెంటు’ గృహములు వెలసినవి. 1893లో లిలియన్ వాల్డ్ స్థాపించిన హెన్రీ స్ట్రీట్ సెటిల్‌మెంటు వానిలో సుప్రసిద్ధము. ఈ చిత్రమునందలి నాయిక నడచిన మార్గము ఈ సేవాగృహముల మార్గమే యని గుర్తించినగాని కథలోని కాలధర్మము బోధపడదు.

ముఠాల జీవితము చలచ్చిత్రమునకు అప్పటికే కొంత పరిచితమైన వస్తువు. డి. డబ్ల్యు. గ్రిఫిత్ 1912లో బయోగ్రాఫ్ సంస్థకై తీసిన ‘ది మస్కెటీర్స్ ఆఫ్ పిగ్ ఆలీ’ అను పొట్టి చిత్రమునందు ముఠామనుష్యులు గోడవారగా నక్కుచు కెమెరాకు అతి సమీపముగా వచ్చు దృశ్యము నేటికిని విద్యార్థులకు పాఠముగా చూపబడుచున్నది. కాని పావుగంట నిడివిలో ఒక సంఘటనను చెప్పవచ్చునే గాని, ఒక జీవితమును చెప్పజాలరు. బాల్యమునుండి యౌవనము వరకు ఒక మనుష్యుడు నేరములోనికి జారుటయు, అందుండి లేచుటయు క్రమముగా చూపవలెనన్న పెద్ద నిడివి కావలెను. 1912 మొదలు 1915 వరకు గల స్వల్పకాలములో అమెరికా చిత్రపరిశ్రమ ఒకటి రెండు రీళ్ల పద్ధతినుండి అయిదారు రీళ్ల పద్ధతికి మారుటచే ఆ అవకాశము చేకూరినది.

మూలకథ

చిత్రమునకు ఆధారము ఓవెన్ కిల్డేర్ అను బోవరీవాసి వ్రాసికొన్న ‘మై మేమీ రోజ్’ అను ఆత్మకథ. ఇది 1903లో ప్రకటితమైనది. పసితనముననే తల్లిదండ్రులను కోల్పోయి, వీధులలో పత్రికలమ్మి, మద్యశాలలలో బలప్రదర్శనముచే పొట్టపోసికొనుచు ముప్పది యేండ్ల ప్రాయము వరకు అక్షరము ముక్క యెరుగని కిల్డేర్‌కు, మేరీ డీరింగ్ అను ఉపాధ్యాయిని చదువు చెప్పినది. ఆ పరిచయము ప్రేమగా పరిణమించి వివాహనిశ్చయము జరిగిన పిదప, పెండ్లికి ముందే ఆమె వ్యాధిగ్రస్తయై మరణించినది. ఆమె నేర్పిన అక్షరములతోనే ఆమె కథను వ్రాసి కిల్డేర్ రచయితగా పేరొందెను. ఈ గ్రంథమును వాల్టర్ హాకెట్‌తో కలసి ఆయన నాటకముగా మలచగా 1908లో ప్రదర్శింపబడినది. 1911లో కిల్డేర్ మరణించెను. తన బ్రతుకు వెండితెర కెక్కుట ఆయన చూడలేదు.

నిర్మాణము

హంగేరీ దేశమున జన్మించి, శైశవముననే న్యూయార్కు చేరి, లోయర్ ఈస్ట్ సైడ్‌లోనే పెరిగిన విలియం ఫాక్స్ 1915 ఫిబ్రవరిలో తన చిత్రనిర్మాణ సంస్థను నెలకొల్పెను. ఆ తొలి సంవత్సరముననే ఆయన దర్శకునిగా నియోగించినవారిలో ఒకడు ఇరువదియెనిమిదేండ్ల రావుల్ వాల్ష్. వాల్ష్ 1887లో న్యూయార్కుననే పుట్టినవాడు. గ్రిఫిత్ బృందమున నటుడుగాను సహాయకుడుగాను పనిచేసి, మెక్సికో విప్లవనాయకుడు పాంచో విల్లాపై తీసిన చిత్రమునకై ఆ దేశమునకు పోయివచ్చి, ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ చిత్రమున లింకన్ హంతకుడైన జాన్ విల్క్స్ బూత్ పాత్రను ధరించిన అనుభవము అప్పటికే ఆయనకు గలదు. రీజెనరేషన్ దర్శకునిగా ఆయన తొలి పెద్ద చిత్రములలో నొకటి. కార్ల్ హార్బాతో కలసి ఆయనయే చిత్రానువాదము కూర్చెను. ఛాయాగ్రహణము నెరపినవాడు ఫ్రాన్సు దేశీయుడైన జార్జి బెన్వా.

వాల్ష్ చేసిన ముఖ్యమైన నిర్ణయము కథ జరిగిన చోటనే చిత్రమును తీయుట. స్టూడియోలో అట్టలతో వీధులు కట్టింపక, కెమెరాను లోయర్ ఈస్ట్ సైడ్ సందులలోనికి, బోవరీ వాకిళ్లలోనికి, రేవుగట్టులకు కొనిపోయెను. జనసమూహ దృశ్యములలో ఆ వీధులవారినే నిలిపెను. విరిగిన ముక్కులు, పండ్లూడిన నోళ్లు, మద్యముచే ఉబ్బిన చెక్కిళ్లు, ఎండకు మాడిన నొసళ్లు గల ఆ ముఖములు రంగుపూతచే తెచ్చిపెట్టుకొన్నవి కావు; ఏండ్ల తరబడి ఆకలియు, పనియు, దెబ్బలును వ్రాసిన వ్రాతలు. నటులును ఆ ముఖముల నడుమ తేలిపోకుండునట్లు నటించిరి.

కథాసంగ్రహము

కథ మూడు వయోదశలలో నడచును. పదేండ్ల ఓవెన్ తల్లి చనిపోయినది. ఖాళీ గదిలో ఒంటరిగా మిగిలిన బాలుడు కిటికీనుండి క్రిందికి చూచుచుండగా ఆమె శవపేటికను మోసికొనిపోవు బండి కదలిపోవును. ఎదురింటి కాన్వే దంపతులు జాలికి కొంతయు చాకిరికి కొంతయు వానిని చేరదీయుదురు. త్రాగుబోతైన కాన్వే చేతిదెబ్బలకు ఓర్వలేక బాలుడు వీధిపాలగును. పదునేడేండ్ల ప్రాయమున ఓవెన్ రేవులో పనిచేయుచు, గూనివాడైన ఒక నిస్సహాయుని పీడించు దుండగుని ఎదిర్చి పడగొట్టి తోడివారి మన్నన పొందును. ఇరువదియైదేండ్లకు అతడు ముఠానాయకుడు.

ముఠాల నణచుదునని ప్రతిన పూనిన జిల్లా న్యాయవాది ఏమ్స్, ముఠావారిని చూడవలెనని కుతూహలపడిన ధనికుల బిడ్డ మేరీ డీరింగును, ఆమె మిత్రబృందమును ఒక నాట్యశాలకు తోడ్కొనివచ్చును. గుర్తుపట్టిన ముఠావారు ఏమ్స్‌పై విరుచుకొనిపడగా, మేరీ కన్నులలోని వేడుకోలు చూచిన ఓవెన్ అతనిని కాపాడును. ఆ రాత్రి చూచిన దైన్యము మేరీ మనసును పట్టుకొనగా ఆమె సెటిల్‌మెంటు సేవలో చేరును. ఓవెన్ క్రమముగా ఆమె యొద్దకు చేరి అక్షరములు నేర్చుకొనును. కాని స్కిన్నీ అను పాత సహచరుడు ఒక పోలీసును పొడిచి, గతమునందలి ఉపకారమును గుర్తుచేసి శరణు వేడును. కృతజ్ఞతకును క్రొత్త జీవితమునకును నడుమ నలిగిన ఓవెన్ అతనికి తావిచ్చును. సంగతి తెలిసి ఓవెన్‌ను వెదకుకొనుచు ముఠా స్థావరమునకు పోయిన మేరీ, స్కిన్నీ కాల్చిన తుపాకి గుండు తలుపు దూసి తగులగా ప్రాణములు విడుచును. స్కిన్నీ గొంతు నులుముచున్న ఓవెన్ చేతులను మేరీ రూపము ఎదుట నిలిచినట్లై ఆపును. పారిపోజూచిన స్కిన్నీని చంపువాడు, ఏనాడో ఓవెన్ కాపాడిన ఆ గూనివాడే.

జీవితమున వ్యాధిచే మరణించిన మేరీ చిత్రమున తుపాకికి బలియగుట గమనింపదగిన మార్పు. నాయకుని పాత జీవితమే అతని క్రొత్త జీవితముపై చేయి చేసికొన్నట్లు దీనిచే కథకు బిగువు వచ్చినది. ప్రేక్షకులకు కావలసిన ఉత్కంఠయు కలిగినది.

దృశ్యశిల్పము

మాటలేని చిత్రము మనోభావమును చెప్పవలసినది చూపుచేతను, చూపువాని స్థానముచేతను. చిత్రారంభమున తల్లి శవయాత్రను బాలుని వెంట మనమును కిటికీ ఎత్తునుండియే చూతుము. క్రింద వీధిలో బండియు, చుట్టు చేరిన కొలదిమంది జనులును చిన్నవై కనిపింతురు. పైన గదిలో ఏడ్చుటకైన తోడులేని పసివాడు. తన వారెవ్వరును ఇక లేరను భావము ఆ ఎత్తుచేతనే మనకు తెలియును. టైటిలు కార్డు అవసరము అంతగా కలుగదు.

నాట్యశాల దృశ్యమున వాల్ష్ శిల్పము వేరొక విధముగా పనిచేయును. ఒకవైపు మేలైన దుస్తులతో, కుతూహలముతో వచ్చిన ధనికులు. మరియొకవైపు వారిని తేరిపార చూచు బోవరీ జనులు. వినోదార్థము చూడవచ్చినవారు తామే చూడబడుచున్నారు. కెమెరా ఒక బల్లనుండి మరియొక బల్లకు, ఒక ముఖమునుండి మరియొక ముఖమునకు దృష్టిని మరల్చుచు ఉద్రిక్తతను పెంచును. ఓవెన్‌కును మేరీకిని నడుమ జరుగు తొలి సంభాషణ చూపులతో మాత్రమే నడచును. ఆ దృశ్యమున చూచుటయే సన్నివేశము. ఇంతటి పొదుపు ఆనాటి చిత్రములందు తరచు కానరాదు.

సెటిల్‌మెంటువారు పేద కుటుంబములను విహారనౌకపై తీసికొనిపోవగా అందు అగ్ని రేగు ఘట్టము చిత్రములోని అతి పెద్ద సన్నివేశము. 1904 జూన్ 15న న్యూయార్కు ఈస్ట్ నదిపై జనరల్ స్లోకమ్ అను విహారనౌక తగులబడి వేయిమందికి పైగా మరణించిరి. వారిలో అధికులు అదే వాడకు చెందిన స్త్రీలును బిడ్డలును. పదునొకండు సంవత్సరముల పిదప తెరపై ఓడనుండి నీటిలోనికి దూకు స్త్రీజనమును చూచిన న్యూయార్కు ప్రేక్షకునకు అది కల్పితకథ మాత్రమే కాదు. నగరపు మానని గాయము. పేదవాని విహారదినము సయితము మృత్యుముఖమున ముగియునను ఆ చరిత్రను వాల్ష్ కథలో ఇమిడ్చెను.

చివర స్కిన్నీ ఎత్తైన కట్టడముల నడుమ కట్టిన బట్టలారవేయు త్రాడును పట్టుకొని, చేయి వెంట చేయి మార్చుకొనుచు ఆవలికి పోజూచును. ఇరుకుబ్రతుకులలో నిత్యము కనిపించు ఆ త్రాడే పరారికి వంతెనయై, అంతలోనే అతని అంతమునకు స్థానమగును. గుండు తగిలిన స్కిన్నీ నేల కూలును. ముఠా చిత్రములలో నేరస్థుడు ఎత్తునుండి కూలుట పిమ్మట పరిపాటియైనది. వాల్ష్ తానే 1949లో తీసిన ‘వైట్ హీట్’ చిత్రమున నాయకుడు ఇంధనపు ట్యాంకు శిఖరమున నిలిచి మరణించుట స్మరించినచో, ఆ దర్శకుని ఊహకు మొదలు ఎక్కడనున్నదో తెలియగలదు.

నటవర్గము

ఓవెన్ పాత్రధారి రాక్లిఫ్ ఫెలోస్ కెనడా దేశీయుడు. వెడల్పైన భుజములు, మందమైన కదలిక, చప్పున మారని ముఖము గల ఈ నటుడు చేతులు విసరి, కన్నులు త్రిప్పి భావములు ప్రకటించు ఆనాటి రంగస్థల సంప్రదాయమును దాదాపుగా విడిచిపెట్టెను. పుస్తకము ముందు కూర్చున్నప్పుడు ఆ బలిష్ఠమైన దేహమునకు కలిగిన సంకోచము చూచువారికి జాలిని గాక గౌరవమును పుట్టించును. మేరీగా నటించిన ఆనా క్యు. నిల్సన్ స్వీడన్ దేశమున జన్మించి అమెరికాకు వలసవచ్చిన వనిత. మూకీ యుగమున మిక్కిలి ప్రసిద్ధి గాంచి, 1950 నాటి ‘సన్‌సెట్ బులవార్డ్’ చిత్రమున బస్టర్ కీటన్ మున్నగువారితో కలసి పేకాట దృశ్యమున అల్పకాలము కనిపించినది. స్కిన్నీ పాత్రను విలియం షీర్, న్యాయవాది ఏమ్స్ పాత్రను చిత్రానువాదకుడైన హార్బా ధరించిరి.

గుణదోషములు

చిత్రమునందు లోపములు లేకపోలేదు. కాకతాళీయములు కథను పలుమారులు ముందుకు నెట్టును. దుర్మార్గుడైన స్కిన్నీకి, ఓవెన్‌కు ఇచ్చినట్టి బాల్యమును కథకులు ఇయ్యలేదు. అతడును అదే వీధిబిడ్డయై యుండునను తలంపు చిత్రమునకు తట్టకపోవుట దాని ప్రధాన ప్రతిపాదనకే కొంత విరుద్ధము. పేదల ఉద్ధరణము ధనికగృహమునుండి దిగివచ్చిన కన్య చేతనే కావలెనను భావనయు ఆ కాలపు సంఘసంస్కర్తల దృష్టికి గల పరిమితియే. అయినను కాన్వే ఇంటిలోని దెబ్బలు, ఆకలిగొన్న బాలుని చూపులు, రేవులోని మొరటు న్యాయము అను మూడింటిని వరుసగా నిలిపి, ముఠానాయకుడు పుట్టునదిట్లని చూపిన చిత్రము మరియొకటి అంతకుముందు ఇంత విపులముగా రాలేదు. శిక్షించుటకు ముందు కారణము తెలిసికొనుమని అది ప్రేక్షకుని కోరినది. ఈ కోరిక చిత్రపు లోపములన్నింటికంటె బలమైనది.

అదృశ్యము, పునర్లాభము

మూకీ చిత్రములు ముద్రింపబడినది నైట్రేటు ఫిలిముపై. అది త్వరగా అంటుకొనును; ఒకసారి అంటుకొన్న మంట నీటికిని అణగదు. నిలువయుంచినను కాలక్రమమున తనలోనుండియే ఆమ్లమును పుట్టించుకొని, మొదట మసకబారి, పిదప జిగురై, తుదకు ధూళియగును. టాకీలు వచ్చిన తరువాత మూకీలకు వర్తకపు విలువ పోవుటచే వానిని కాపాడవలెనను శ్రద్ధయు సన్నగిల్లినది. 1937 జూలై 9న న్యూజెర్సీ రాష్ట్రమున లిటిల్ ఫెర్రీ అను ఊరనున్న ఫాక్స్ సంస్థ నిలువగృహము వేసవి వేడిమికి తగులబడి నలువదివేలకు పైగా రీళ్లు భస్మమైనవి. ఆ సంస్థ మూకీలలో అత్యధికభాగము ఆ ఒక్కదినముననే రూపుమాసినది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ప్రకటించిన పరిశీలనము ననుసరించి, 1912 మొదలు 1929 వరకు ఆ దేశమున విడుదలైన 10,919 పూర్తి నిడివి మూకీలలో మొదటి విడుదలనాటి 35 మిల్లీమీటర్ల రూపమున మిగిలినవి నూటికి 14 మాత్రమే. కిల్డేర్ గ్రంథమునే ఆధారముగా గొని 1924లో యూనివర్సల్ సంస్థ తీసిన ‘ఫూల్స్ హైవే’ సయితము నేడు లభ్యము కాదు.

ఇట్టి స్థితిలో రీజెనరేషన్ ప్రతి యొకటి 1976లో మొంటానా రాష్ట్రపు మిసూలా పట్టణమున, కూల్చివేతకు సిద్ధమైన ఒక కట్టడపు నేలమాళిగలో దొరకినది. దానిని గుర్తించి రక్షించినవాడు ప్రాచీన చిత్రముల పరిరక్షణమునకు జీవితమును ధారవోసిన డేవిడ్ షెపర్డ్. చిత్రము న్యూయార్కు ఆధునిక కళా ప్రదర్శనశాలయందు భద్రపరుపబడినది. 2000 సంవత్సరమున అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికయందు దీనికి స్థానము లభించినది.

చూడవలసిన విధము

లభించిన ప్రతిలో కొన్ని భాగములు నైట్రేటు క్షయముచే దెబ్బతిన్నవి. చెదలు తిన్న తాళపత్రమున అక్షరములు నడుమ నడుమ మాయమైనట్లు, కొన్ని దృశ్యములలో తెల్లని మరకలు ఉబికి ముఖములను కప్పివేయును. ప్రేక్షకుడు తొందరపడక, మరకల నడుమ మిగిలిన కదలికను అనుసరించినచో కథాసూత్రము ఎచ్చటను తెగదు.

మూకీలను ఏ వేగమున చూపవలెనను విషయమును గూడ ఎరుగవలెను. 35 మిల్లీమీటర్ల ఫిలిములో అడుగునకు 16 ఫ్రేములుండును. సెకనుకు 16 ఫ్రేముల వేగమున వేయి అడుగుల రీలు సుమారు పదునేడు నిమిషములు నడచును. దానినే టాకీల కేర్పడిన 24 ఫ్రేముల వేగమున తిప్పినచో పదునొకండు నిమిషములలో ముగియును. మనుష్యులు తోలుబొమ్మలవలె గంతులిడుదురు. మూకీ నటన హాస్యాస్పదమను అపవాదు కొంతవరకు ఈ యంత్రదోషమునుండి పుట్టినదే. సరియైన వేగమున సుమారు డెబ్బదిరెండు నిమిషములు నడచు ప్రతిని, తగిన వాద్యసంగీతముతో చూచినచో ఫెలోస్ నటనలోని నెమ్మదియు, నిల్సన్ చూపులోని దృఢత్వమును తమంత తామే గోచరించును.

చరిత్రయందు స్థానము

జోసెఫ్ ఫాన్ స్టెర్న్‌బర్గ్ 1927లో తీసిన ‘అండర్‌వరల్డ్’తో ముఠా చిత్రము ఒక ప్రత్యేక జాతిగా రూపొందినదనియు, ‘లిటిల్ సీజర్’, ‘ది పబ్లిక్ ఎనిమీ’, ‘స్కార్‌ఫేస్’ అను 1930ల నాటి టాకీలతో పరిపక్వమైనదనియు సామాన్యముగా చెప్పబడును. ఆ చిత్రములు ముఠానాయకుని ఉత్థానపతనములను, అతని గర్వమును, తుపాకిని, ధనమును ప్రధానముగా చూపినవి. వానిలో నగరము చాలవరకు స్టూడియో కట్టడము. రీజెనరేషన్ వానికి ఒక దశాబ్దమునకు పైగా ముందుది. అయినను కాలము ముందగుటయే దాని విశేషము కాదు. ముఠానాయకునికి ఒక బాల్యమును, ఆ బాల్యమునకు ఒక నిజమైన వీధిని ఇచ్చినది. వాల్ష్ తరువాతి కాలమున ‘ది రోరింగ్ ట్వెంటీస్’ (1939), ‘హై సియెరా’ (1941) మొదలగు చిత్రములలో నేరస్థుని వెనుకనున్న మనుష్యుని వెదకుటకు పూనినప్పుడు ఆయన పోయినది తానే వేసిన ఈ తొలిబాటలోనికి. కావున నేరకథా చిత్రములను అధ్యయనము చేయగోరువారు 1930ల నాటి ప్రసిద్ధ కృతులను చూచుటకు ముందు దీనిని చూడవలెను. చూచినవారికి ఆ పిదపటి చిత్రములలో తుపాకి మ్రోగిన ప్రతిసారియు, ఆ చేయి ఎన్నడు ఎక్కడ ఆకలిగొన్నదో అడుగవలెనను బుద్ధి పుట్టును. విమర్శకునకును, పౌరునకును ఆ బుద్ధి అవసరమైనదే.